అశ్వక్రీడలు - ప్రకటనకర్తల బాధ్యత

పూర్వము ఊరిలో పందెము జరుగవలెనన్న దండోరా వేయించెడివారు. తప్పెట కొట్టినవా డెవడో ఊరివారికి తెలియును. వానిచేత కొట్టించిన పెద్ద యెవడో అంతకన్న బాగుగ తెలియును. పందెము జరుగకపోయినను, జరిగినచోట ఎవరి కాలైన విరిగినను, పోయి అడుగుటకు ఒక గడప యుండెడిది. నేడు దండోరా ఫోనులో మ్రోగుచున్నది. గుఱ్ఱపు పందెములు, కంచెలు దుముకు పోటీలు, పోలో ఆటలు, బాలబాలికలకు సెలవుదినముల స్వారీ శిబిరములు, అశ్వప్రదర్శనములు అన్నియు అంతర్జాలములోని పట్టికలలో వరుసగా కన్పట్టుచున్నవి. తేది, స్థలము, రుసుము, బహుమానము, ఎగిరిపడు గుఱ్ఱము బొమ్మ యొకటి. ఇంతటితో ప్రకటన ముగియును. నిర్వాహకు డెవడు? గుఱ్ఱములెవరివి? వానిని పరీక్షించిన పశువైద్యు డెవడు? పడినవానిని ఎత్తువా రెవరు? పోటీ ఆగిపోయిన సొమ్ము తిరిగి యిచ్చువా రెవరు? ఈ ప్రశ్నలకు పెక్కు ప్రకటనలలో సమాధానము లేదు. రుసుము చెల్లించుటకు మాత్రము మీట సిద్ధముగ నున్నది.

ఇది చిన్నవిషయమని కొందరనవచ్చును. మేమట్లు తలంపము. నాటకమును ప్రకటించినవాడు నాటకమాడక పోయిన ప్రేక్షకునకు కలుగు నష్టము టిక్కెట్టు వెల. అశ్వక్రీడను ప్రకటించినవాడు తన బాధ్యతను మరచిన, నష్టపోవునది ప్రాణము కావచ్చును. అందును రెండు ప్రాణములు: ఒకటి జీనుమీద కూర్చున్న పసివానిది, రెండవది జీను క్రింద నున్న నోరులేని జీవముది. ఈ రెండును తమ ఒప్పందమును తాము చదివి సంతకము చేయజాలనివి. కావున వానిపక్షమున ముందుగ చదువవలసినవాడు ప్రకటనకర్తయే.

మేము అశ్వక్రీడలకు విరోధులము కాము. హైదరాబాదు మలకుపేట మైదానమునకు ఆరవ నిజాము కాలమునుండియు చరిత్ర కలదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో భారతాశ్వికులు మూడు స్వర్ణపతకములు గెలిచిరి. ఆ తరువాత నలువదియొక్క సంవత్సరములకు, 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్జౌ నగరమున, నలుగురు యువతీయువకుల జట్టు డ్రెసాజి పోటీలో స్వర్ణము తెచ్చి దేశమునకు గర్వకారణ మయ్యెను. ఆ యువకులు శిక్షణకొరకు ఐరోపా పోవలసి వచ్చెననుట మాత్రము మనము మరువరాదు. ఇంటిలో క్రీడ పెరుగవలెనన్న ఇంటిలో నమ్మకము పెరుగవలెను. తల్లిదండ్రులు తమ బిడ్డను నిర్భయముగ మైదానమునకు పంపగల స్థితి యేర్పడవలెను. అట్టి నమ్మకమునకు మొదటిమెట్టు సత్యమైన ప్రకటన.

ఈ వివేకము మనకు పరదేశమునుండి దిగుమతి కావలసినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుడను అధికారికి ప్రత్యేకముగ నొక యధ్యాయమే కలదు. ప్రతి గుఱ్ఱము ఎట్లు వచ్చినది, కొన్నదా, కానుకయా, యుద్ధమున చిక్కినదా, అరువు తెచ్చినదా యని మొదట వ్రాయవలెను. దాని వంశము, వయస్సు, వన్నె, గుఱుతులు, తరగతి, వచ్చిన చోటు పట్టికలో కెక్కవలెను. అవలక్షణములు గలవానిని, అంగవికలములను, రోగముతో నున్నవానిని పైవారికి తెలియజేయవలెను. ఇన్నివందల యేండ్ల క్రిందట రాజు గుఱ్ఱమునకు వ్రాసిన పట్టికలో నున్నంత సమాచారమైనను నేడు రుసుము గైకొని ప్రజలను పిలుచు ప్రకటనలో లేకుండుట సిగ్గుచేటు కాదా?

2025వ సంవత్సరపు వేసవిలో జరిగిన సంగతి మన తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. హైదరాబాదునుండి యాభైకి మించిన గుఱ్ఱములు మధ్యప్రదేశమందలి జబల్పూరు సమీపమునకు తరలింపబడెను. చేరిన కొలదికాలములోనే వానిలో పలు గుఱ్ఱములు మరణించెను. సాంక్రామికరోగ మేమైన సోకెనేమోయని పరీక్షలు జరిపిరి. వ్యాజ్యము అచ్చటి ఉన్నతన్యాయస్థానమునకు పోయెను. ఈ గుఱ్ఱములను అంతకుముందు హైదరాబాదులో పరుగులెత్తించి, ఆ దృశ్యమును అంతర్జాలము ద్వారా దూరదేశమున పందెములొడ్డువారికి చూపిరని జంతుసంరక్షకులు ఆరోపించిరి. ఆ యారోపణలలోని నిజానిజములు తేల్చుట న్యాయస్థానముల పని. మేము ముందుగ తీర్పు చెప్పబోము. కాని యొక సంగతి తీర్పు కొరకు వేచియుండ నక్కరలేనిది. ఎచ్చటనో కూర్చుండి తెరమీద పరుగు చూచువానికి గుఱ్ఱపుసాల కనబడదు. దాణా గాదె కనబడదు. పరుగు ముగిసిన మరునాడు ఆ జీవము గతి యేమయ్యెనో వానికి తెలియదు. మైదానమున కూర్చున్న ప్రేక్షకుడు కుంటుచున్న గుఱ్ఱమును చూచి కేకవేయగలడు. తెరముందు కూర్చున్నవానికి ఆ కుంటు కనబడకుండ బొమ్మను మరల్చవచ్చును. చూచువాడు దూరమైన కొలది ప్రకటించువాని బాధ్యత హెచ్చవలెను. నేడు జరుగుచున్నది దీనికి విపరీతము.

ఇక శాసనము మాట. శాసనము లేదని యెవరును అనజాలరు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము జంతువును తన యధీనమున నుంచుకొనిన ప్రతివాడును దాని క్షేమమునకు తగిన చర్యలు తీసికొనవలెను. అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెను. టిక్కెట్లు పెట్టి ప్రజలను రానిచ్చు వినోదములలో జంతువులను ప్రదర్శించువారు ముందుగ నమోదు చేసికొనవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. 2001లో వెలువడిన నియమములు ఈ వినోదములలో అశ్వక్రీడను పేరుపెట్టి చేర్చినవి. పచ్చిక లేని గట్టినేలపై పందెము పరుగెత్తించుటను, కొరడాను విచ్చలవిడిగ వాడుటను ఆ నియమములు అడ్డగించినవి. 2014 మే 7న నాగరాజ వ్యాజ్యములో సర్వోన్నతన్యాయస్థానము, ఆకలిదప్పులు, భయము, బాధ లేక బ్రదుకుట జంతువులకును చెందవలసినదని చెప్పినది. జీవకారుణ్యము పౌరుని విధియని రాజ్యాంగపు 51-ఏ అధికరణము చెప్పుచున్నది. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో, జంతువును చంపుట, అంగవికలము చేయుట అయిదేండ్లవరకు కారాగారము విధింపదగిన నేరము. తన యధీనమందలి జంతువువలన మనుష్యులకు అపాయము కలుగకుండ జాగ్రత్త పడనివానికి ఆరునెలలవరకు శిక్షగాని, అయిదువేల రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును.

ఇన్ని యుండియు లోపమెక్కడ? ఒకటి దండనలో నున్నది. 1960 చట్టములో క్రూరతకు వ్రాసిన మొదటి శిక్ష పదిరూపాయలు మొదలు యాభైరూపాయలవరకు జరిమానా. ఆ దినములలో యాభైరూపాయలు ఒక కుటుంబమునకు నెలభుక్తి. నేడు అది మైదానము ముందట రెండు కాఫీల వెల. లక్షల బహుమానము ప్రకటించువాడు యాభైరూపాయలకు జంకునా? దండనలను పెంచుటకు 2022లో కేంద్రప్రభుత్వము సవరణ ముసాయిదా నొకదానిని ప్రజాభిప్రాయమునకు ప్రకటించినది. ముసాయిదాలు జంతువులను రక్షింపవు. రెండవ లోపము ఇంకను పెద్దది. నమోదుపత్రమును చట్టము కోరుచున్నదే కాని, ఆ పత్రపు సంఖ్యను ప్రకటనలో చూపవలెనను ఆచారము లేదు. పత్రము పెట్టెలో నుండును, ప్రకటన లోకమున తిరుగును. ఈ రెంటిని కలుపు నూలుపోగు లేదు.

వ్యాధిభయ మొకటి కలదు. అది పలువురు నిర్వాహకులు తలపని సంగతి. గుఱ్ఱములకు సోకు గ్లాండర్సు అను రోగము సూక్ష్మజీవివలన కలుగును. ఒక గుఱ్ఱమునుండి మఱియొక గుఱ్ఱమునకు, గుఱ్ఱమునుండి మనుష్యునకును సోకును. చాలకాలము మరుగున నుండి 2006లో మన దేశమున మరల తలయెత్తెను. 2009వ సంవత్సరపు జంతువుల సాంక్రామికవ్యాధుల చట్టము ననుసరించి ఇట్టి రోగమును వెంటనే అధికారులకు తెలుపవలెను. రోగము నిర్ధారణ యైన ప్రాంతమున గుఱ్ఱముల రాకపోకలకు, సంతలకు, ప్రదర్శనములకు అడ్డుకట్ట పడును. దూరప్రయాణము చేయించు గుఱ్ఱమునకు పశువైద్యుని ధ్రువపత్రము వెంట నుండవలెనని 1978 నాటి జంతురవాణా నియమములు చెప్పుచున్నవి. అశ్వక్రీడ యనగా పది ఊళ్ల గుఱ్ఱములను ఒక సాలలో కట్టుట. ఒక రోగిష్ఠి గుఱ్ఱము వచ్చిన పది ఊళ్లకు రోగము పంచి పోవును. కావున పరీక్షాపత్రము లేని గుఱ్ఱమునకు ప్రవేశము లేదని ప్రకటనలోనే వ్రాయుట నిర్వాహకుని మొదటి ధర్మము. మీరటులో సైన్యపు పశువైద్యశాఖ ఆధ్వర్యమున ఏర్పడిన రోగరహితాశ్వ విభాగమునకు 2025 జూలైలో అంతర్జాతీయ గుర్తింపు లభించినది. మన గుఱ్ఱములు విదేశములకు పోవుటకు తలుపు తెఱచుకొనుచున్న ఈ తరుణమున, ఒక్క అజాగ్రత్త ప్రకటన ఆ తలుపును మూయగలదు.

ఇక స్వారీచేయువారి విషయము. శిబిరములలో చేరువారిలో పిల్లలు మెండు. ప్రవేశపత్రము క్రింద చిన్న అక్షరములలో నొక వాక్యముండును: ఏమి జరిగినను నిర్వాహకులకు బాధ్యత లేదు. దీనిక్రింద తండ్రి సంతకము, కొన్నిచోట్ల పిల్లవాని సంతకమే, చేయింతురు. అంతటితో తాము ఒడ్డెక్కితిమని నిర్వాహకులు తలంచుచున్నారు. అది భ్రమ. మైనరు చేసిన ఒప్పందము ఆదినుండియు చెల్లదని ప్రీవీకౌన్సిలు 1903లోనే తేల్చినది. ప్రజాహితమునకు విరుద్ధమైన ఒప్పందము చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. నిర్లక్ష్యమువలన ప్రాణహాని కలిగిన అయిదేండ్లవరకు శిక్ష పడవచ్చును; నేరబాధ్యతను ఏ సంతకమును మాపలేదు. ఒప్పుకోలు పత్రము అపాయమును ముందుగ తెలుపు పత్రమే కాని, నిర్లక్ష్యమునకు అనుమతిపత్రము కాదు. గుఱ్ఱము బెదరుట, తన్నుట ఆ క్రీడకు సహజమైన అపాయములు. వానిని తెలిసి యెక్కినవాడు కొంత భరింపవలసినదే. కాని తెగిన జీనుపట్టీ, కొలతకు సరిపడని శిరస్త్రాణము, అనుభవము లేని శిక్షకుడు, మైదానమున అంబులెన్సు లేకపోవుట గుఱ్ఱపు స్వభావములు కావు, నిర్వాహకుని స్వభావములు. ఈ భేదమును అమెరికాలోని అనేక సంస్థానములు ప్రత్యేక శాసనములలో చూపినవి. సహజమైన అపాయమునుండి నిర్వాహకునకు కొంత రక్షణ నిచ్చి, చెడిన సామగ్రికిని నిర్లక్ష్యమునకును ఆ రక్షణ లేదని చెప్పినవి. మన దేశమున అట్టి స్పష్టత యింకను రావలసియున్నది.

రుసుము గైకొని సేవ చేయువాడు వినియోగదారుల చట్టమునకు లోబడును. 2019 నాటి ఆ చట్టము ప్రకారము, తప్పుదారి పట్టించు ప్రకటనకు కేంద్రప్రాధికారసంస్థ పదిలక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. అదే తప్పు మరల చేసిన యాభైలక్షలవరకు. జాతీయసమాఖ్య గుర్తింపు లేకయే ఉన్నదని వ్రాయుట, రాని యాశ్వికుని బొమ్మ వేయుట, లేని వైద్యసదుపాయమును ఉన్నదనుట, ఇవి యుత్సాహముచేత జరిగిన అతిశయోక్తులు కావు, నేరములకు చేరువైన పనులు. 2022 జూన్ నాటి మార్గదర్శకములలో మన తెలుగువారు గమనింపదగిన మాట యొకటి కలదు: ప్రకటన యే భాషలో నున్నదో, దాని మినహాయింపులును ఆ భాషలోనే యుండవలెను. పైన తెలుగులో తియ్యని పిలుపు, క్రింద ఇంగ్లీషులో చేదు నిబంధన. ఈ విద్య ఇకముందు చెల్లరాదు. తెలుగుబిడ్డను తెలుగులో పిలిచినవాడు అపాయమునుగూడ తెలుగులోనే చెప్పవలెను.

సొమ్మువిషయమునకు వత్తము. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 30వ సెక్షను పందెపు ఒప్పందములు చెల్లవని చెప్పి, గుఱ్ఱపుపందెమున గెలిచినవారికి ఇచ్చు 500 రూపాయలు గాని అంతకుమించి గాని గల బహుమానమునకు చందా లిచ్చుటను మాత్రము మినహాయించినది. 1996లో లక్ష్మణన్ వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము గుఱ్ఱపుపందెము అదృష్టక్రీడ కాదు, నేర్పుతోగూడిన క్రీడయని తీర్పు చెప్పినది. ఈ రెండు మాటలను పట్టుకొని కొందరు ఏ ఫోనులోనైనను, ఏ పరుగుమీదనైనను పందెమొడ్డించుట న్యాయసమ్మతమని ప్రచారము చేయుచున్నారు. అది సరికాదు. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ జూద చట్టములను సవరించి, సొమ్మొడ్డి యాడు అంతర్జాలక్రీడలను అడ్డగించినవి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన కేంద్రచట్టము నేర్పు, అదృష్టము అను భేదము నెంచక, సొమ్మొడ్డు అంతర్జాలక్రీడలను నడపువారికి మూడేండ్లవరకు కారాగారము, కోటిరూపాయలవరకు జరిమానా వ్రాసినది. వానిని ప్రకటించువారికి రెండేండ్లు, యాభైలక్షలు. గుఱ్ఱపుపందెముల సొమ్ముపై నూటికి 28 వంతున విధించిన పన్ను 2025 సెప్టెంబరు 22నుండి నూటికి 40 అయ్యెను. మైదానమునందలి పందెమునకును ఫోనులోని పందెమునకును గల సరిహద్దును న్యాయవాదులు వాదించుకొందురు గాక. సామాన్యుడు జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటే: విజేత కిచ్చు బహుమానము క్రీడ, చూచువాని జేబునుండి లాగు పందెము క్రీడ కాదు. క్రీడాప్రకటన యొడిలో పందెపు గొలుసు దాచినవాడు ప్రకటనకర్త కాడు, జూదగృహపు ద్వారపాలకుడు.

మధ్యనున్న వేదికల మాట యేమి? ప్రకటనలను ఒకచోట చేర్చి చూపు సంస్థలు, మేము గోడవంటివారము, గోడమీద నెవరు వ్రాసినను గోడకు తప్పేమియని వాదించుచున్నవి. 2000 నాటి సమాచారసాంకేతిక చట్టపు 79వ సెక్షను వారికి కొంత ఆశ్రయ మిచ్చుట నిజమే. 2015లో శ్రేయాసింఘాల్ వ్యాజ్యమున, న్యాయస్థానపు ఉత్తరువుగాని ప్రభుత్వపు తాఖీదుగాని అందిన తరువాతనే తొలగింపవలసిన బాధ్యత వారిపై పడునని సర్వోన్నతన్యాయస్థానము నిర్ణయించినది. భావస్వాతంత్ర్యమును కాపాడిన ఆ తీర్పును మేము గౌరవింతుము. పత్త్రికలు నడపువారికి ఆ స్వాతంత్ర్యపు విలువ మఱియొకరు చెప్పనక్కరలేదు. కాని ఆ యాశ్రయము కేవలము గోడగా నున్నవానికే. టిక్కెట్లు తానే విక్రయించి, ప్రతి టిక్కెట్టులో వాటా గైకొని, ఇది ఉత్తమమైన పోటీయని తన నోట పొగడి, పేజీ శిఖరమున నిలుపువాడు గోడ యెట్లగును? అట్టివాడు అంగడివాడు. 2020 నాటి ఎలక్ట్రానిక్ వర్తక నియమములు అంగడివాడు విక్రయించువాని పేరు, చిరునామా చూపవలెననియు, ఫిర్యాదు అందిన 48 గంటలలో అందినట్లు తెలుపవలెననియు, నెలలోపల పరిష్కరింపవలెననియు చెప్పుచున్నవి. ఫిర్యాదులు వినువాని పేరును వెదకుటకు పది పుటలు త్రిప్పవలసి వచ్చిన, ఆ నియమము అక్షరములలోనే బ్రదికియున్న దనవలెను.

ప్రవేశపత్రములలో పిల్లల పేర్లు, వయస్సులు, ఛాయాచిత్రములు, రోగచరిత్రలు కూడ అడుగుచున్నారు. పదునెనిమిదేండ్లలోపు వారి వివరములకు తల్లిదండ్రుల నిర్ధారితమైన సమ్మతి కావలెనని 2023 నాటి వ్యక్తిగత సమాచారరక్షణ చట్టము చెప్పినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడి, విడతలవారీగ అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనవి. గుఱ్ఱమెక్కుటకు బాలుని రక్తవర్గము తెలియుట అవసరము కావచ్చును. దానిని మఱియొక వర్తకునకు అమ్ముట అవసరము కాదు.

మా వాదమునకు ఎదురువాదము లేకపోలేదు. చిన్నచిన్న స్వారీసంఘములు రెండు మూడు గుఱ్ఱములతో, ఔత్సాహికుల స్వచ్ఛందశ్రమతో నడచుచున్నవి. ఇన్ని పత్రములు, ఇన్ని నిబంధనలు మోపిన అవి మూతపడును, మిగులునవి ధనవంతుల క్లబ్బులే యని కొందరు మిత్రులు చెప్పుచున్నారు. ఈ మాటలో సత్యము కలదు. క్రీడ ధనికుల సొత్తు కారాదను కోరిక మాకును ఉన్నది. కాని మేము కోరునది క్రొత్త పన్ను కాదు, క్రొత్త కచేరీ కాదు. ఇప్పటికే చేయవలసిన పనులను చేసితిమని పదివాక్యములలో చెప్పుట. అందులకు ఖర్చు లేదు. గుఱ్ఱమును సరిగ సాకువానికి ఆ పదివాక్యములు వ్రాయుటకు పావుగంట చాలును. వ్రాయలేనివాడు చేయలేదన్నమాట. ఇంతకును గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదు. సంఘము చిన్నదైనను ప్రాణమునకు వెల తక్కువ లేదు. పండుగలలో గ్రామస్థులు తరతరములుగ జరుపుకొను పరుగులను కూడ చట్టపు కొరడాతో అణచుదురా యని మఱికొందరు అడుగుచున్నారు. సంప్రదాయమును మేము గౌరవింతుము. గుఱ్ఱమును పూజించి పసుపుకుంకుమ పెట్టిన చేయి అదే గుఱ్ఱమును తారురోడ్డుపై నురుగు కక్కువరకు పరుగెత్తించుట సంప్రదాయము కాదు. 2021లో టోక్యో ఒలింపిక్సు పంచక్రీడా పోటీలో ఒక గుఱ్ఱము మొరాయింపగా దానిని కొట్టిన దృశ్యమును లోకము చూచినది. తుదకు ఆ పంచక్రీడనుండి స్వారీయే తొలగింపబడి, 2024 పారిస్ ఒలింపిక్సుతో దాని స్థానము ముగిసినది. జంతువు బాధను లెక్కింపని క్రీడ తన మరణశాసనమును తానే వ్రాసికొనునని అందరు తెలిసికొందురు గాక.

కావున మేము సూచించున దేమనగా: అశ్వక్రీడను ప్రకటించు ప్రతి ప్రకటనయందును నిర్వాహకుని నిజమైన పేరు, చిరునామా, ఫోను సంఖ్య, జంతుసంక్షేమ మండలి నమోదు కావలసినచోట దాని సంఖ్య, భారత అశ్వక్రీడా సమాఖ్య గుర్తింపు ఉన్నదో లేదో స్పష్టమైన మాట, గుఱ్ఱముల వ్యాధిపరీక్షా నియమము, మైదానమున నుండు పశువైద్యుడు, మనుష్యవైద్యుడు, అంబులెన్సుల యేర్పాటు, వయోనియమము, శిరస్త్రాణనియమము, భీమా యున్నదో లేదో, పోటీ ఆగిన సొమ్ము తిరిగి యిచ్చు గడువు, ఫిర్యాదు వినువాని పేరు ఉండవలెను. ఎండ మిక్కుటమైన దినమున పోటీ నాపు అధికారము పశువైద్యునకు కలదని వ్రాయవలెను. ఇవన్నియు తెలుగునాట తెలుగులో నుండవలెను. వేదికలు ఈ గళ్లు నిండని ప్రకటనను స్వీకరింపరాదు. కేంద్రప్రభుత్వము యాభైరూపాయల జరిమానాను ఈ కాలపు బుద్ధికి తగినట్లు సవరింపవలెను. మన రెండు రాష్ట్రముల పశుసంవర్ధకశాఖలు, పోలీసుశాఖలు పోటీ జరిగిన తరువాత పత్రములు వెదకుట మాని, ప్రకటన వెలువడిన దినముననే చూడ నేర్వవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకు ఇంత ఉద్యోగిబృంద మెందులకు?

తుదకు మా పాఠకులతో నొకమాట. శాసనము ఎంత గట్టిదైనను, అడుగువాడు లేనిచోట అది నిద్రించును. మీ బిడ్డను స్వారీశిబిరమునకు పంపుటకు ముందు నిర్వాహకుని నాలుగు ప్రశ్న లడుగుడు. గుఱ్ఱపుసాలను ఒకసారి చూడ గోరుడు. సమాధానము చెప్పుటకు వెనుదీయువానికి రుసుము చెల్లింపకుడు. పఠనమందిరములలో ఈ సంగతులు చర్చించి, మీ పట్టణమున వెలువడు ప్రకటనలను మీరే పరీక్షించి, లోపమున్న సంబంధిత శాఖకు జాబు వ్రాయుడు. స్వరాజ్యమనగా శాసనములు మనవి యగుట మాత్రమే కాదు. వాని యమలును మనమే కనిపెట్టుకొని యుండుట. గుఱ్ఱము తన కష్టమును చెప్పుకొనజాలదు. పసివాడు తన యపాయమును ఎఱుగజాలడు. ఎఱిగినవారు, చెప్పగలవారు మౌనము వహించిన, ఆ మౌనమునకు బాధ్యులు మనమే యగుదుము.